సదర్ సరిహద్దు మీద మంచం

2008లో నియోజకవర్గాల పునర్విభజన ఉత్తర్వు వచ్చేనాటికి నేను ఢిల్లీలో సహాయ ఓటర్ల నమోదు అధికారిని. జాబితాలో పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా సంతకం నాది. ఆ ఉత్తర్వుతో ఢిల్లీ సదర్ అనే పార్లమెంటు స్థానం రద్దయింది. దశాబ్దాలుగా సదర్ పేరుతో ఎంపీని పంపిన గల్లీలు పక్క స్థానాలకు పంపకమయ్యాయి. పేపరు చదివేవాళ్లకు అదొక వార్త. మాకేమో కొత్త గీత ఎక్కడ పోతోందో గుమ్మం గుమ్మం తిరిగి చూసే పని.

మా బూత్ స్థాయి అధికారి సరళది కర్నూలు, ఇక్కడి బడిలో టీచరు. ఒకరోజు ఫోన్ చేసింది. "సార్, మీరే రావాల! ఈ ఇంటికి ముందు గుమ్మం ఒక ఎంపీకి, వెనక గుమ్మం ఇంకో ఎంపీకి! నేనేం రాసేది సార్?"

వెళ్లి చూస్తే నిజమే. గీత రెండు గల్లీల నడుమ, ఇళ్ల వరస మీదుగా పోయింది. తాళాల టోకు వ్యాపారం చేసే కుటుంబం అది. ముందు గదుల్లో అన్న, వెనక గదుల్లో తమ్ముడు. వంటిల్లు మాత్రం ఒకటే, అది వాళ్లమ్మ చేతిలో ఉంది. తమ్ముడు అప్పటికే వాటా అడుగుతున్నాడు. వెనక గల్లీ చిరునామాతో ఓటరు కార్డు వస్తే వేరు కాపురానికి రుజువు దొరికినట్టే, అందుకే తన పేరు అక్కడే రాయమన్నాడు. ఓటరు మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడే నమోదు చేయాలన్నది నిబంధన. అతను పడుకునేది వెనక, వచ్చిపోయేదీ వెనకే.

"మాతాజీ, కాదనడానికి నాకు దారి లేదు" అన్నాను.

"అచ్ఛా" అంటూ ఆవిడ లేచింది. కోడళ్లిద్దరినీ కేకేసి, తన నవారు మంచం మోయించి వెనక తలుపుకు అడ్డంగా వేయించింది. దాని మీద కూర్చుని, "ఇది ఇక నా గది సాబ్. నా మంచం దాటి ఎవడు పోతాడో చూస్తా. ఇప్పుడు రాసుకో, ఈ ఇంటికి గుమ్మాలెన్ని?" అంది.

సరళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. మా నిబంధనల్లో మంచం గురించి ఏమీ లేదు మరి!

కొన్నాళ్లాగి మళ్లీ వెళ్లాను. మంచం అక్కడే ఉంది. తమ్ముడు ముందు గుమ్మంలోంచే దుకాణానికి వెళ్తున్నాడు. అందరినీ ముందు గల్లీలోనే రాసి సంతకం పెట్టాను. 2009 ఎన్నికల్లో ఆ ఇల్లంతా ఒకే బూతులో ఓటేసింది.

రిటైరయ్యాక, నిరుడు అటువైపు పనిపడి వెళ్లాను. ఆవిడ పోయిందట. వెనక తలుపు తెరిచి ఉంది. దాని పక్కన వేరే నంబరు, వేరే కాలింగ్ బెల్.

నియోజకవర్గాన్ని విడదీయడానికి ఒక ఉత్తర్వు చాలింది. ఆ ఇల్లు విడిపోవడానికి మాత్రం ఆవిడ మంచం తీసేదాకా ఆగాల్సి వచ్చింది. మేం గీసే గీతల బలం ఎంతో నాకు అక్కడే తెలిసింది.