లడ్డూలా పాడిన చీటీ

నా రెండు కళ్ళ మీద ఒట్టు, వాటికున్న కళ్ళజోడు మీద కూడా ఒట్టు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నేను నోరు విప్పితే చోడవరంలో సగం మంది నవ్వుకుంటూ లేచిపోతారని తెలుసు. ఈ ఒక్కసారికి కూర్చోండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. బస్టాండు పక్కన జెరాక్సు దుకాణం పెట్టుకుంటానంటే మా అక్క మెడలో గొలుసు తీసి ఇచ్చింది. పుస్తెలు పసుపుతాడుకి గుచ్చుకుంది.

"ఒరే, మీ బావ దుబాయి నుంచి వచ్చీసరికి ఇది నా మెడలో ఉండాల. తాకట్టెట్టినట్టు ఆయనకి తెలిసిందంటే నన్ను బతకనివ్వడు," అంది.

గొలుసు బ్యాంకులో పెట్టాను. ఏడాది తిరిగేసరికి కాగితం వచ్చింది. నెలాఖరులోగా నలభై వేలు కట్టకపోతే నగ వేలం వేస్తారట.

నా చేతిలో ఉన్న దారి ఒక్కటే, నెలనెలా కడుతున్న చీటీ. ఇరవై మందిమి, యాభై వేల చీటీ. మా వీధి చివరింటావిడ నడిపేది. నెలకోసారి ఆవిడ అరుగు మీద పాట. డబ్బు కావలసినవాళ్ళు అందులో ఎంత వదులుకుంటారో చెప్పాలి. అందరికంటే ఎక్కువ వదులుకున్నవాడికి మిగతాది దక్కుతుంది. వదిలింది అందరూ పంచుకుంటారు. పది వేల లోపు పాడితే గొలుసు ఇంటికొస్తుంది. ఆ లెక్క నోటికి వల్లించుకుంటూనే వెళ్ళాను.

అయితే అంతకుముందు నేను పాడిన పాట ఒక్కటే, వినాయక చవితి లడ్డూ పాట. అక్కడ అంకె పెంచినకొద్దీ డప్పు కొడతారు. పెద్ద అంకె చెప్పినవాడు మొనగాడు. నా గొంతుకి తెలిసిన విద్య అదే.

ఆ సాయంత్రం చెరుకు ఫ్యాక్టరీ పొగ వీధిలోకి దిగి కదలకుండా నిలిచిపోయింది. మడ్డి వాసన. వీధిలోని కుక్కలన్నీ వచ్చి అరుగుకేసి మొహాలు పెట్టి కూర్చున్నాయి. ఒక్కటీ మొరగలేదు.

"ఐదు వేలు," అన్నాను.

"ఏడు." స్తంభానికి ఆనుకుని కూర్చున్న బుచ్చయ్యపేట బెల్లం వ్యాపారి. భుజం మీద తువ్వాలు, కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు.

"తొమ్మిది."

"పది." అని నావైపు తిరిగాడు. "ఏటి బాబూ, గొంతు సన్నగిల్లిపోనాదేటి? సవితికి లడ్డూ పాడినోడివి నువ్వే కదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అక్కడ ఆగాలి. ఆగలేదు.

"పన్నెండు!"

వెనకనుంచి చప్పట్లు. "అద్గదీ! గుంటడంటే ఇలాగుండాల!"

"పధ్నాలుగు," అన్నాడాయన, ఆవులిస్తూ.

"పద్ధెనిమిది!" అని అరిచాను.

డప్పు మోగలేదు. ఆయన తువ్వాలు దులిపి మడత పెట్టుకున్నాడు. "నీదే బాబూ. పట్టుకెళ్ళు." చీటీలావిడ ఆయనకేసి ఒక్క చూపు చూసి నాకు పెన్ను అందించింది. "సంతకం ఎట్టు నాయినా." ఆయనకి ఏ నెలా డబ్బు అవసరం ఉండదని, పాట పెంచి పంపకంలో వాటా తీసుకోవడానికే వస్తాడని నాకు తరవాత తెలిసింది. కుక్కలు ఒక్కొక్కటే లేచి వెళ్ళిపోయాయి.

చేతికి వచ్చింది ముప్పై రెండు వేలు. ఎనిమిది తక్కువ. పైగా చీటీ ముగిసేదాకా నెలనెలా వాయిదా కడుతూనే ఉండాలి.

సందు మలుపు తిరుగుతుండగా వెనక అడుగుల చప్పుడు. చీటీలావిడ! కొంగుముడి విప్పి ఎనిమిది వేలు నా చేతిలో పెట్టింది. "ఆడకూతురు మెడ బోసిగా ఉండకూడదు నాయినా. మెల్లిగా ఇద్దువు." మర్నాడే గొలుసు విడిపించాను. బావ వచ్చాడు, కాఫీ తాగాడు, ఏమీ గమనించలేదు.

ఈ చివరి ముక్క నేను కల్పించింది. సందు మలుపులో ఎవరూ రాలేదు. ఇన్నేళ్ళూ ఆవిణ్ణి రప్పిస్తూనే ఉన్నాను, అక్కడైనా కథ ఆగుతుందేమోనని.

ఆ ఎనిమిది వేల కోసం కె.కోటపాడులో చుట్టాలు, రావికమతంలో స్నేహితులు, అందరి గుమ్మాలూ ఎక్కాను. నెల దాటిపోయింది. చివరికి దొరికిన డబ్బు పట్టుకుని బ్యాంకుకి వెళితే కౌంటర్లో ఆయన నిదానంగా చెప్పాడు.

"మొన్ననే వేలం అయిపోనాది బాబూ. వడ్డీ ఒక్కటీ కట్టీసి తిరగరాయించుకుంటే ఇంకో ఏడాది ఆగీవోళ్ళం కదా. వచ్చి అడగలేదేటి?"

అడగొచ్చని నాకు తెలియదు. వడ్డీ ఎంతో తెలుసా? నా జేబులో అప్పటికే ఉన్న డబ్బులో పదో వంతు.

బావ మే నెలలో దిగాడు. అంత ఎండలోనూ అక్క పైట మెడ చుట్టూ నిండుగా కప్పుకుని గుమ్మంలో నిలబడింది. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. కాళ్ళు కడుక్కుంటున్నవాడు తల ఎత్తి అక్కకేసి చూశాడు.

"ఏటే, అలా కప్పుకున్నావు?" అన్నాడు.