హిందీ పంతులు ఒప్పుకోని రాజీ

చలమయ్య పంతులికి నచ్చిన మనిషి చీరాలలో ఒక్కడూ లేడు. తాను మగ్గం గుంటలోంచి పైకి వచ్చినవాడే అయినా, నేతపని వాళ్ళంటే ఆయనకు ఏవగింపు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళంటే అంతకు రెట్టింపు. స్వాతంత్ర్యోద్యమం ఊపు మీదున్న రోజుల్లో ఖద్దరు కట్టి, హిందీ పరీక్షలు వరసగా పాసై, హైస్కూల్లో హిందీ పండితుడయ్యాడు. మర్నాటి నుంచి బావమరుదులు బజార్లో ఎదురైతే తల పక్కకు తిప్పుకునేవాడు. భార్య వెంకటేశ్వరమ్మ మాత్రం మగ్గం మానలేదు. మానితే ఇల్లు గడవదని ఆమెకు తెలుసు. ఆ సంగతి పంతులికీ తెలుసు గాని, తెలిసినట్టు కనిపించేవాడు కాదు.

1950 జనవరిలో రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజున బడిలో సభ జరిగింది. భాష తగాదా ఎలా తెగిందో పిల్లలకు చెప్పమని హెడ్మాస్టరు ఇంగ్లీషు మాస్టారు క్రీస్తుదాసును కోరాడు.

"దీని మీద ఢిల్లీలో మూడు రోజులు వాదులాడుకున్నారర్రా" అని మొదలుపెట్టాడు క్రీస్తుదాసు. "హిందీయే ఉండాలి, అంకెలు కూడా నాగరివే ఉండాలని ఉత్తరాదివాళ్ళు పట్టుబట్టారు. హిందీ రానివాళ్ళం రేపట్నుంచి నోరు కుట్టేసుకోవాలా అని మనవైపు వాళ్ళు లేచారు. చివరికి ఇద్దరూ తలో మెట్టు దిగారు. కేంద్రానికి అధికార భాష హిందీ, లిపి నాగరి. అంకెలు మాత్రం మనం లెక్కల్లో వేసుకునేవే. ఇంగ్లీషు ఇంకో పదిహేనేళ్ళు ఉంటుంది. ఆ తర్వాత కూడా కావాలనుకుంటే పార్లమెంటు చట్టం చేసి ఉంచుకోవచ్చు."

చివరి మాట చలమయ్య చెవికెక్కలేదు. అప్పటికే లేచి నిలబడ్డాడు.

"సిగ్గులేకపోతే సరి! దేశానికి రాజ్యాంగం రాయమంటే సంతలో ఎడ్ల బేరం చేసొచ్చారా? అక్షరం మనదీ, అంకె దొరలదీనా?"

"ఆ అంకెలు పుట్టింది కూడా మన దేశంలోనేనండీ, పంతులుగారూ. బేరమంటారా, బేరమే అనుకోండి. అన్ని ప్రాంతాల వాళ్ళు, అన్ని భాషల వాళ్ళు. ఎవరూ కుర్చీ తన్ని లేచిపోలేదు. అదేం తక్కువ సంగతి కాదు."

"మీ భాష పోతుందని మీ ఏడుపు. పదిహేనేళ్ళాగండి. మీరే పలకా బలపం పట్టుకుని నా గుమ్మంలోకి వస్తారు."

పిల్లలు నవ్వారు. క్రీస్తుదాసు కూడా నవ్వేశాడు. చలమయ్య మాత్రం తానన్న ఆ మాట మీదే బతుకంతా కట్టుకున్నాడు. నల్లబల్ల మీద తేదీ నాగరి అంకెల్లోనే వేసేవాడు. తర్వాత వచ్చే లెక్కల మాస్టారు విసుక్కుంటూ దాన్ని తుడిచి మళ్ళీ రాసుకునేవాడు.

ఒక్కగానొక్క కూతురు కోటిరత్నం హైస్కూలుకు వచ్చాక ఆ పంతం ఇంట్లోకి చేరింది. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే చాలు, లాగి అటక మీదికి విసిరేవాడు.

"చచ్చే భాషకు సేవలెందుకే? నీకు ఉద్యోగమొచ్చే నాటికి దాని పేరెత్తేవాడుండడు."

"బడిలో పరీక్ష పెడతారు గదండీ" అంది వెంకటేశ్వరమ్మ.

"నీకేం తెలుసు? నీ పోగులు నువ్వు చూసుకో."

1962లో కోటిరత్నం ఎస్.ఎస్.ఎల్.సి. రాసింది. హిందీలో బడి మొత్తానికి ఆమెదే మొదటి స్థానం. ఇంగ్లీషు తప్పింది. ఇంగ్లీషు తప్పితే పరీక్ష మొత్తం తప్పినట్టే. "మూడేళ్ళు ఓపిక పట్టు, తర్వాత నీదే రాజ్యం" అన్నాడు చలమయ్య. ఆ పిల్ల వెళ్ళి తల్లి పక్కన రెండో మగ్గంలో దిగింది.

మరుసటేడు, గడువు దాటినా ఇంగ్లీషును వాడుకోవచ్చని పార్లమెంటు చట్టం చేసింది. పేపర్లో అది చదివి "పిరికిపందలు" అన్నాడాయన. గడువు నిండిన 1965లో అరవదేశం అట్టుడికింది. ఆ సెగ చీరాల దాకా వచ్చింది. కుర్రాళ్ళు రైలు స్టేషన్లో బోర్డు మీది హిందీ అక్షరాలకు తారు పూసి, కేకలు వేసుకుంటూ బడి మీదికొచ్చారు. హెడ్మాస్టరు తలుపేసుకోమన్నాడు. చలమయ్య వినకుండా గేటు దగ్గరికి నడిచాడు.

"ఒరేయ్! మీకు హిందీ రాదు, ఇంగ్లీషూ రాదు. తెలుగులోనైనా తప్పుల్లేకుండా తిట్టండ్రా!"

ఒక మట్టిబెడ్డ వచ్చి భుజం మీద పగిలింది. ఎవడో కండువా లాక్కుపోయాడు.

ఆ మట్టితోనే ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "అంతా కలిసి మోసం చేశారు. ఆనాడు గట్టిగా నిలబడి ఉంటే ఈ గతి పట్టేదా?"

లోపల మగ్గం చప్పుడు ఆగింది. కోటిరత్నం గుమ్మంలోకి వచ్చింది.

"మోసమేముంది నాన్నా? కావాలంటే ఉంచుకోవచ్చని ఆనాడే రాసుకున్నారంట. క్రీస్తుదాసు మాస్టారు చెప్పారు."

"ఆయన దగ్గరికి నువ్వెందుకెళ్ళావ్?"

"ఇంగ్లీషుకి. దసరా అప్పట్నించి వెళ్తన్నా."

"నేనే పంపించాను" అంది వెనకనుంచి వెంకటేశ్వరమ్మ.

చలమయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నాతో ఒక్క మాట చెప్పకుండానా?"

"చెప్తే వింటావా?" అంది కోటిరత్నం. "ఢిల్లీలో వాళ్ళు అంతగా తిట్టుకున్నా, ఎదుటివాడి మాటకి కాస్త చోటు పెట్టారు. ఈ ఇంట్లో మా మాటకి ఎప్పుడన్నా చోటుందా?"

"రాజీ పడే జాతి" అని ఛీత్కరించి ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆ పిల్ల వెళ్ళి మళ్ళీ మగ్గంలో కూర్చుంది.

కోటిరత్నం ఇంగ్లీషు గట్టెక్కింది. ఆ మరుసటేడు గుంటూరు టెలిఫోను ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఆ కబురు చెప్పడానికి క్రీస్తుదాసే ఇంటికొచ్చాడు. చలమయ్య కూర్చోమనలేదు. వెంకటేశ్వరమ్మ పీట వేసి మంచినీళ్ళిచ్చింది.

కూతురు రైలెక్కే రోజున ఆయన పెందలాడే బడికి వెళ్ళిపోయి ఖాళీ తరగతిలో కూర్చున్నాడు. సాయంత్రం వచ్చి, కంచం ముందు కూర్చున్నాక, తల ఎత్తకుండా అడిగాడు.

"చేరగానే జాబు రాయమన్నావా దాన్ని?"

"ఏ భాషలో రాయమంటారు?" అంది వెంకటేశ్వరమ్మ, మజ్జిగ పోస్తూ.