మేస్త్రి మావ కొరియా గది

నకరికల్లు సువార్త కూడికలో నేను నరకాగ్ని గురించి గొంతు చించుకుంటున్నాను. మాచర్ల బస్సు దిగి వచ్చిన ఒక తమ్ముడు వేదిక పక్కకొచ్చి నా చొక్కా అంచు పట్టుకు లాగాడు. "అన్నా, మేస్త్రి మావ పోయాడు. తెల్లారగట్ట." మైకు ఇంకా నా నోటి దగ్గరే ఉంది. ఆ మాట పందిట్లో కూర్చున్న వాళ్ళందరికీ వినబడింది. ఎంత పెద్ద సభనైనా ఊపేస్తానని బడాయి పోయే ఈ నోటికి ఆ పూట దొరికింది రెండు మాటలే. "ప్రార్థన చేసుకుందాం" అని మైకు దించేశాను.

ప్రియులారా, ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. మేస్త్రి మావది మా బజారే. నాకు రక్తసంబంధం లేదు, వరసకి మావ. నాపరాళ్ళ క్వారీలో ఉలి పట్టి పెరిగిన మనిషి. ఎడారి దేశంలో రోడ్లేసే ఒక కొరియా కంపెనీలో కొన్నేళ్ళు పని చేసి తిరిగొచ్చాడు. వచ్చి ఊరుకున్నాడా? మాచర్ల స్టేషన్ వెనకాల రేకుల షెడ్డు తీసుకుని, కొరియా మాట, కొరియా పాట నేర్పే గది పెట్టాడు. పల్నాట్లో కొరియా బడి! ఊరు ఊరంతా నవ్వింది.

ఆయన దిగిన రోజు నాకు బాగా జ్ఞాపకం. పెద్ద పెట్టె మోసుకొచ్చాడు. టేప్ రికార్డరో, కుట్టు మిషనో అని బజారంతా మూగింది. మూత తీస్తే నడుం సన్నంగా, రెండు పక్కలా తోలు బిగించిన ఎర్రటి వాయిద్యం.

"ఏందయ్యా ఇది? అందరి మొగుళ్ళూ టూ-ఇన్-వన్‌లు తెస్తుంటే నువ్వు డప్పు తెచ్చినావా!" అని నెత్తి కొట్టుకుంది అత్త.

"డప్పు గాదే, జాంగూ. మా ఫోర్‌మేన్ ఇచ్చాడు. ఆదివారం చర్చికి దిక్కులేని చోట ఇదేనే నా చర్చి."

సెలవు రోజున కొరియా పనివాళ్ళు డేరా ముందు చేరి, కనుమ దాటిపోయిన మనిషిని తలుచుకునే పాటొకటి పాడేవాళ్ళంట. మాట అర్థం గాకపోయినా మావకి ఏడుపు ఆగేది కాదంట. "కుడి పక్క పుల్లతో కొడితే చినుకు, ఎడమ పక్క కొడితే ఉరుము. మనకి వాన తెలీదా అల్లుడా? మెట్ట సేద్యం గాళ్ళం" అనేవాడు.

ఆయన గదిలో మొదటి పాఠం అక్షరాలు కాదు, చేతులు. దానికో కారణం ఉంది. మన దగ్గర పెద్దవాళ్ళకి ఏదైనా ఇచ్చేటప్పుడు ఎడం చెయ్యి తగలనిస్తామా? మావ కూడా కంపెనీలో చేరిన కొత్తలో మహా మర్యాదగా ఎడం చెయ్యి వీపు వెనక దాచి, కుడి చేత్తో ఫోర్‌మేన్‌కి టీ గ్లాసు అందించాడు. ఆ పెద్దమనిషి మొహం మాడ్చుకుని గ్లాసు ముట్టలేదు. మర్నాడు మావ ఇంకా మర్యాద పెంచి, ఎడం చెయ్యి ఇంకా లోపలికి దాచాడు. ఆయనకి ఇంకా మండింది. వాళ్ళల్లో పెద్దవాళ్ళకి ఒంటి చేత్తో ఇస్తే పొగరు. రెండు చేతులూ పెట్టాల. ఆ సంగతి తెలిసేసరికి మావని పలకరించే దిక్కు లేకుండా పోయింది. "మాట రాకపోయినా మర్యాద రావాలిరా. మర్యాద తెలీక నేను పడ్డ ఏకాకితనం మన పిల్లకాయలు పడగూడదు" అని ఆ గది పెట్టాడు.

క్వారీ కుర్రాళ్ళు, లారీ క్లీనర్లు, ఎడారికి పోవాలనుకునే ప్రతివాడూ అక్కడ చెప్పులు బయట విడిచి, నడుం వంచి దణ్ణం పెట్టి లోపలికి పోయేవాడు. నాపరాయి మీద సుద్దతో కొరియా అక్షరాలు, అన్నీ గీతలు, సున్నాలే. చివర్లో జాంగూ మోగేది. నేనూ రెండు పాఠాలకి పోయాను. నా గొంతు విని "నువ్వు పలికితే దీవెన కూడా తిట్టులా ఉంటాది అల్లుడా, నీకు డ్రమ్మే నయం" అన్నాడు మావ. చదువు చెప్పేవాడు లేక వాక్యాన్ని నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్న వాణ్ణి నేను. ఆ మాటకి రెండు రోజులు అలిగాను.

మావ మనసులో ఉన్న ఆశ ఒక్కటే. ఆ జాంగూ మన మందిరంలో ఒక్క ఆదివారం మోగాలని. క్షేమంగా తిరిగొచ్చినందుకు ఆయన మొక్కిన స్తుతి అది. సంఘపెద్ద తాత ససేమిరా అన్నాడు.

నేను ఊరుకుంటానా? పుస్తకం చంకలో పెట్టుకుని యుద్ధానికి పోయాను. "తాతా, బైబిల్లో గొర్రెలు కాసినవాడు రాజై దేవుని మందసం ముందు ఒళ్ళు మరిచి నాట్యమాడలేదా? మన తబలాది తోలు గాదా, కాగితమా?"

తాత అరవలేదు. "తబలా ఎవడి చావుకీ మోగలేదురా. మా నాయన ఊళ్ళో ప్రతి చావుకీ, ప్రతి కొలుపుకీ డప్పు కొట్టాడు. కొట్టకపోతే ఆయన్ని కొట్టేవాళ్ళు. బాప్తిస్మం తీసుకున్న నాడు ఆ డప్పు పొయ్యిలో పెట్టాడు. ఆ మోత ఈ గడప దాటి రాగూడదు."

పుస్తకం మళ్ళీ చంకలో పెట్టుకుని వచ్చేశాను. అయినా కుర్రాళ్ళని పోగేసి వచ్చే ఆదివారం మోగించేద్దామన్నాను మావతో. ఆయన పుల్ల పక్కన పెట్టాడు. "తాత కోపం డ్రమ్ము మీద గాదురా, ఆనాటి తలవంపు మీద. తలుపు పగలగొట్టి లోపలికి తెస్తే అది స్తుతి గాదు, దొంగతనం. ఆయన రమ్మంటేనే వస్తా." అప్పట్నుంచి ఆరాధన అయిపోయాక షెడ్డుకి పోయి, ఒక్కడే కూర్చుని కొట్టుకునేవాడు. తోలు మీద చినుకు, ఉరుము. అది కూడా తాతకి వినబడకుండా తలుపేసుకుని.

తాత చిన్నకొడుకు ఆ గదిలోనే నేర్చుకుని కొరియా కంపెనీలోకి పోయాడు. కిందటి నెల సెలవు మీద వచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టి, నడుం వంచి, తండ్రికి మంచినీళ్ళ చెంబు రెండు చేతులా అందించాడంట. నాయనకి ఎదురు చెప్పడం తప్ప ఏమీ రాని మొండిఘటం వాడు! తాత చెంబు పట్టుకుని చానాసేపు తాగకుండా కూర్చున్నాడని వాళ్ళ ముసలమ్మ చెప్పింది. "ఎవరు నేర్పార్రా?" అంటే, "మేస్త్రి మావ" అన్నాడంట వాడు.

అప్పటికే రాతి దుమ్ము మావ ఊపిరితిత్తుల్ని తినేసింది. తాత రోజూ పోయి మంచం పక్కన కూర్చునేవాడు. జాంగూ మాట ఇద్దరూ ఎత్తలేదు. మావ అడగడు, తాత రమ్మనడు.

సమాధి రోజున నేను నాలుగు మాటలు చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలీదు. మట్టి వేసే వేళ గది కుర్రాళ్ళు ఒక్కొక్కడూ వంగి, రెండు చేతులా మట్టి తీసి, పెద్దాయనకి టీ గ్లాసు అందించినట్టు మెల్లగా వదిలారు. అది చూసి తాత కూడా కర్ర పక్కన పడేసి, రెండు చేతులా నల్లమట్టి తీశాడు. వదిలాక లేవలేదు. అక్కడే కూలబడి కొడుకు వైపు చూశాడు.

"ఆ కొరియాది ఏడుందిరా? తీసుకురా."

తెచ్చారు. మెడకి తగిలించుకునే తాడు ఎప్పుడో తెగిపోయింది. తాతే దాన్ని ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. కొడుకు కొట్టాడు. ముందు చినుకు, తర్వాత ఉరుము. తాత కళ్ళు మూసుకున్నాడు. అత్త అంతదాకా ఏడవనిది, అప్పుడు ఏడ్చింది.

మోత ఆగాక తాత దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఎత్తి పట్టుకుని, నడిచి, మందిరం గడప దాటించి, హార్మోనియం పక్కన పెట్టాడు. ఆ ఆదివారం అక్కడే మోగింది. ఆరాధనకి ముందు మా ఇంటిది తడిగుడ్డ తీసుకుని తుడవబోతే తాత "ఉండనీయ్ అమ్మా" అన్నాడు. ఆ ఎర్రటి నడుం మీద రెండు పక్కలా, వేళ్ళతో సహా, నల్లమట్టి చేతుల అచ్చులు ఇంకా ఉన్నాయి.