గింజలోదీ గడ్డిలోదీ ఒకటే

అరవైల చివర్లో, బీఎస్సీ రెండో ఏడు చదువుతుండగా వరికోతలకి ఇంటికి వచ్చాను. విజయనగరంలో రైలెక్కి ఆమదాలవలసలో దిగితే అక్కడి నుంచి మా ఊరికి నడకే. నాన్న స్టేషన్‌కి వచ్చాడు. దారిలోనే మాట చెప్పేశాడు.

“మీ యమ్మ నడుం పట్టేసి మంచం దిగలేకపోతన్నాది. ఆడపిల్లవి, నువ్విక ఇంటికాడే ఉండిపో. సదివింది సాలు.”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇల్లు చేరేదాకా నాన్నకి పది అడుగులు ముందే నడిచాను. అమ్మ మీద జాలి లేక కాదు. ఆ వారమే క్లాసులో విన్న సంగతొకటి తలలో తిరుగుతూనే ఉంది. మిగతాది వినకుండానే ఆగిపోవాలంటే ఏడుపొచ్చింది.

మర్నాడు కళ్ళంలో నాన్న కుప్ప వేస్తున్నాడు. కోసిన వరి పనలు అందిస్తూ ఉండబట్టలేక అనేశాను.

“నాన్నా, ఈ గింజలో ఉన్నదీ, ఈ గడ్డిలో ఉన్నదీ ఒకటే సరుకు. జొరమొచ్చినప్పుడు డాక్టరు తాగమంటాడే, ఆ గ్లూకోజు.”

“అయితే రేపట్నుంచి నాకూ గడ్డే ఒడ్డించు.”

నేల మీద పనలు పేర్చి చూపించాను. పనకి ఒక కొస లావు, ఒక కొస సన్నం కదా, గింజలుండే ఎన్నులన్నీ ఒకే వైపు పెడితే వరస గుండ్రంగా తిరిగింది. గ్లూకోజులు అలా చేరితే గింజలోని పిండి. మెలికలు తిరిగి వదులుగా ఉంటుంది, మన కడుపు దాన్ని సులువుగా విడదీస్తుంది. ఒకటి ఇటూ ఒకటి అటూ తిప్పి పెడితే వరస తిన్నగా సాగింది. అలాంటి వరసలు పక్కపక్కనే బిగిసి కూర్చుంటేనే గడ్డిపరక నిలబడేది. వాటిని విడదీసే పనిముట్టు మనకి లేదు. నిజానికి ఆవుకీ లేదు, దాని పొట్టలో కాపురముండే కంటికి కనబడని జీవాలకి ఉంది.

చెబుతుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. తిప్పి పెట్టడంలో ఉన్న తేడా, అంతే. ఒకటి మనిషికి అన్నం, ఒకటి పశువుకి మేత. ఇంత అద్భుతాన్ని పుట్టినప్పటి నుంచీ తొక్కుకుంటూ తిరిగాను కదా అనిపించింది.

నాన్న చేతిలోని పన కింద పెట్టేశాడు. ఆ రెండు వరసల ముందూ గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

“మరి మన ఒంట్లో ఏటున్నాది?”

“రగతం, కండ, ఎంట్రుక, సరుకు వేరే గానీ అన్నీ ఇలాంటి వరసలేనట నాన్నా. మడత పడిన తీరుని బట్టి దేని పని దానిది. అది ఇంకా సెప్పలేదు. సెలవులయ్యాక సెప్తారట.”

నాన్న లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

“అది కూడా ఇనేసి రా. వొచ్చి నాకు సెప్పు. మీ యమ్మకి గంజి నాను కాస్తాను.”

అప్పటిదాకా మా ఇంట్లో నాన్న పొయ్యి ముట్టించడం ఎవరూ చూడలేదు.