తాళాలక్క మణికట్టు

ఆ వీధిలో అందరూ ఆమెను తాళాలక్క అనేవారు. బస్టాండు పక్కన, నిలబడితే మోచేతులు గోడలకు తగిలే కొట్టులో ఇరవై ఏళ్లుగా తాళాలు బాగుచేస్తోంది.

ఒకరోజు ఓ బట్టల కొట్టువాళ్ల ఇనప్పెట్టె పిడి బిగుసుకుపోయింది. బలంకొద్దీ తిప్పింది. పిడి కదల్లేదు గానీ కుడి మణికట్టులో టక్కుమంది. అప్పట్నుంచి తాళంచెవి తిప్పినా, తడిబట్ట పిండినా ప్రాణం పోయేది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు.

"ఎముక బాగానే ఉందిగా. బట్టలు పిండాల్సొస్తుందని నొప్పి అంటున్నావేమో," అన్నాడు భర్త. ఆయన స్కూల్లో గుమాస్తా. కాగితం మీద లేనిది నమ్మడు.

స్కానింగులో మృదులాస్థి చిరిగినట్టు తేలింది. ఆ కాగితం చూశాక ఆయన కిక్కురుమనకుండా బట్టలు పిండడం మొదలుపెట్టాడు.

"చెయ్యంతా కోయక్కర్లేదమ్మా. రెండు చిన్న రంధ్రాలు చేసి, ఒకదాన్లోంచి కెమెరా, ఇంకోదాన్లోంచి పనిముట్లు పంపి కుట్టేస్తాం," అన్నాడు డాక్టరు.

"మేమూ అంతేనండి. తలుపు పగలగొట్టేవాడు పనివాడు కాదు. మీ పనిముట్లు ఓసారి చూడొచ్చా?"

కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ పరిశీలించాక గాని ఆమె ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టలేదు.

ఆపరేషనయ్యాక ఆరు వారాలు చేతికి పట్టీ. సాయంత్రాలు కొట్టులో భర్తను కూర్చోబెట్టింది. మొదటిరోజే ఆయన తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసేశాడు. ఆమె ఎడమచేత్తో తంటాలుపడి తీసేసరికి జనం పోగయ్యారు.

"నీ పనితనం నలుగురికీ తెలుస్తుందనే అలా చేశా," అన్నాడాయన.

ఆరో నెలలో పరీక్ష. పిడికిలి బలం కొలిచే పరికరం నొక్కితే ఎడమచేతికి ముప్పై కిలోలు, కుడిచేతికి ఇరవై నాలుగు.

"ఎనభై శాతం వచ్చేసింది," అన్నాడు డాక్టరు.

"ఏదీ, నేనూ చూస్తా," అని భర్త నొక్కాడు. ఇరవై రెండు. మళ్లీ నొక్కాడు. ఇరవై ఒకటి.

"ఇది పాడైనట్టుంది."

నర్సు అందుకుని నొక్కింది. ముప్పై ఒకటి. "పని చేస్తోందండీ."

"నొప్పికి పదికి ఎంత వేస్తారమ్మా?" డాక్టరు అడిగాడు.

"అప్పుడు ఎనిమిది. ఇప్పుడు ఒకటిన్నర."

"అరలూ పావులూ వద్దమ్మా."

"అయితే రెండు రాసుకోండి. మీకు అర మార్కు తగ్గిందని బాధపడకండి. ఈ మిగిలిన నొప్పీ పోతుందా?"

"కొందరికి పోతుంది. కొందరికి కొంచెం మిగిలిపోతుంది. చెయ్యి పూర్తిగా మెలిపెట్టినప్పుడు తెలుస్తుంది."

 మర్నాటి నుంచి ఆమె మొండి తాళాలు పక్కవీధి తాళాల మేస్త్రికి పంపేసి, తేలికవి తనే చేస్తోంది. పని లేనప్పుడు రబ్బరు బంతి పిసుకుతుంది. భర్తకూ ఒకటి కొనిచ్చింది. మూడోనాటికే అది బీరువా కిందికి దొర్లిపోయింది. ఆయన వంగి చూడనైనా లేదు.