స్వామి పంచెలో తగ్గిన జానెడు

మా చిన్నప్పుడు... సోలాపూర్ భవానీ పేటలో మా ఇంట్లో గుంట మగ్గం ఉండేది. నాయిన నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలో పెట్టి నేసేవాడు. ఒక శ్రావణంలో నేస్తూ నేస్తూ ఆగిపోయి, కాలు పైకి తీసి చూసుకున్నాడు. పాదం తడిసి ఉంది... ఆ వెంటనే వాసన వచ్చింది.

మావి ఒకే వరుసలో ఆరు ఇళ్ళు. ఆరిళ్ళ మోరీ నీళ్ళూ నేల కింద ఒకే పాత మట్టి గొట్టంలో పోయేవి. అది ఎక్కడో పగిలింది.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే... పోయిన వారం తమ్ముడు ఆ ఇంట్లో నేల తవ్వించాడు. అక్కడ దొరికింది చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ఆ రోజు మగ్గం మీద ఉన్నది మార్కండేయ స్వామి పంచె. శ్రావణంలో వచ్చే నూలు పున్నమికి గుడిలో సమర్పిస్తానని నాయినమ్మ మొక్కుకుంది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది... స్వామి బట్టకు కావాల్సిన నూలంతా ఒక్కసారే తెచ్చి, కడిగి, దేవుడి గూట్లో పెట్టేవాళ్ళు. నాయినమ్మ ఉపవాసం ఉండి కండెలు చుట్టేది. మొదలుపెట్టాక బయటి నూలు కలపకూడదు. పడుగు తెంపకూడదు.

పున్నమి ఇంకా ఐదు రోజులే ఉంది.

ముందు వచ్చిన మేస్త్రీ, "మగ్గం ఇప్పెయ్యాలె, నేలంత తవ్వాలె" అన్నాడు. నాయినమ్మే, "పడుగు తెంపి, ఏం మొకం పెట్టుకొని గుడికి పోవాలెరా?" అంది.

అప్పుడు కొంతం చౌక్ దగ్గరుండే దత్తు కాకాను పిలిచారు. ఆయన మరాఠీ మనిషి. మా వాళ్ళ మోరీలు బాగు చేసీ చేసీ మా మాటే నేర్చుకున్నాడు. వస్తూనే పార అడగలేదు... "ఇంట్ల రంగులేమున్నయ్?" అన్నాడు.

నేతగాళ్ళ ఇళ్ళు కదా, అద్దకం రంగు చిటికెడైనా ఉంటుంది. వరుసలో మాకు ఎగువనున్న ఇంటి మోరీలో ఎర్ర నీళ్ళు పోయించాడు. దిగువనున్న ఇంటి మోరీలో పచ్చ నీళ్ళు. అమ్మ గబగబా పాత చీర తెచ్చి తెల్లటి పడుగు మీద కప్పింది. అందరం గుంట చుట్టూ కూర్చుని చూస్తున్నాం...

గుంట ఎడమ గోడలోంచి ఎర్రటి చుక్క. ఇంకొకటి... పచ్చ రానే లేదు.

"దొరికింది. ఈ గోడెనకనే పగిలింది" అన్నాడు. "మగ్గం ముట్టేది లేదు ఆజీ. గుంటల్నించే పోత."

ఆజీ అంటే మరాఠీలో నాయినమ్మ. ఆమె మూతి ముడిచి, "మోరీల దిగెటోనివి, దేవుని నూలు కింద ఎట్ల కూసుంటవ్?" అంది.

"కాళ్ళు కడుక్కొని కూసుంట ఆజీ. నీ కొడుకు కూసున్నట్లే."

నాయిన నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు.

ఆరిళ్ళ వాళ్ళకూ నీళ్ళు వాడొద్దని చెప్పి, దత్తు కాకా గుంటలోకి దిగాడు. పైన పడుగు... కింద ఆయన. ఒక్క పోగు కదలకుండా గోడలో పక్కకు తొలుచుకుంటూ పోయాడు. నేను గుంట అంచున బోర్లా పడుకుని చూశాను. చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని, "గిక్కడ పగిలింది... గిక్కడ అతుకు ఊడింది" అని చెబుతున్నాడు. తెగిన పోగును నాయిన కూడా అలాగే చూడకుండా వేళ్ళతో వెతికి ముడి వేసేవాడు. అలాంటి వేళ్ళు ఇంకొకరికి కూడా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

పగిలిన ముక్క తీసి కొత్తది పెట్టాడు. అతుకు సందులో ముందు జనపనార చుట్టి కూరాలి, దాని మీద సిమెంటు పట్టించాలి. చివరి చుట్టుకు నార చాల్లేదు. "నూలైనా తే బిడ్డా, జల్ది. ఎవరో నీళ్ళిడిచిన్రు" అన్నాడు.

నేను పరుగెత్తుకెళ్ళి చేతికందిన నూలు చిలప తెచ్చిచ్చాను. ఆయన దాన్ని పురిపెట్టి, సిమెంటు నీళ్ళలో ముంచి, అతుకులో కూరేశాడు.

అది దేవుడి గూట్లోది... పంచె చివరి కండెలకని దాచిన ఆఖరి చిలప. నాయినమ్మ చూసేసరికి గూడు ఖాళీగా ఉంది.

నాకు ఏడుపు కూడా రాలేదు. దత్తు కాకా గుంటలోంచి తలెత్తి, "తెల్వక పెట్టిన ఆజీ. ఇంక తడిగనే ఉన్నది. గుంజాల్నా?" అన్నాడు. గుంజితే ఆ అతుకు పోతుంది... పని మళ్ళీ మొదటికొస్తుంది.

నాయినమ్మ ఆయన చేతుల వైపు చూసింది. మోచేతుల దాకా బురద.

"ఉండనియ్యి బిడ్డా. స్వామి పంచె జానెడు పొట్టిగుంటే ఏం గాదు. శ్రావణంల సలి పెట్టదు."

నాయిన ఉన్న నూలుతోనే నేశాడు. పడుగు తెగలేదు. నిజంగానే జానెడు తగ్గింది. పున్నమినాడు పూజారి కట్టాక స్వామి పాదాల దగ్గర అంచు కాస్త పైకి నిలిచింది... ఎవరూ గమనించలేదు. నాయినమ్మ నా చెవి దగ్గర వంగి, "తక్కువైంది యాడున్నదో ఆయనకెరుకే" అంది. ఆ ఏడు దత్తు కాకాను గుడికి తనే వెంటబెట్టుకుని వచ్చింది.

పోయిన వారం పనివాళ్ళు పాత గొట్టమంతా పెంకుల్లా తీసి పడేశారు. ఆ ఒక్క అతుకు మాత్రం సుత్తికి లొంగలేదు. చివరికి పగిలితే... లోపల పురిపెట్టిన నూలు. మట్టి రంగు పట్టింది గానీ, తెగలేదు. ఇన్నేళ్ళూ ఎగువ ఇళ్ళ నీళ్ళన్నీ దాని పక్క నుంచే పోయాయి.

కొత్తగా ప్లాస్టిక్ గొట్టాలు వేశారు. జిగురు రాసి పది నిమిషాల్లో అతికించారు. మంచి పనే, కాదనను. మగ్గం తీసేసి, గుంట పూడ్చి చాలా ఏళ్ళయింది. దత్తు కాకా లేడు. ఇంట్లో నూలుందా అని అడిగేవాళ్ళూ లేరు... అడిగినా, లేదు.

నూలున్న ఆ అతుకు ముక్క కడిగి తులసి కుండీ దగ్గర పెట్టుకున్నాను. పొద్దున నీళ్ళు పోస్తూ చేతులు జోడిస్తాను... స్వామికో, దత్తు కాకాకో, ఇద్దరికీనో.

మీ పాత ఇళ్ళ నేల కింద, గోడల్లో ఎవరి చేతిపని ఉండిపోయిందో... తెలిస్తే వాళ్ళ పేరు ఇక్కడ రాయండి. ఒక్కసారి తలుచుకుందాం.