ఐదు చక్రాలా... ఆరు చక్రాలా...

మా చిన్నప్పుడు... జెండా పండుగ వచ్చిందంటే టీవీలో యుద్ధం సినిమా ఖాయం. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో పెద్ద కలర్ టీవీ మాదే. పొద్దున జెండా దగ్గర పంచిన లడ్డూ చేతిలో పట్టుకుని, మధ్యాహ్నానికల్లా వాడంతా మా ముందరి గదిలోకి వచ్చేది. అమ్మ శనగలు ఉడకబెట్టి గంజు నిండా గుడాలు చేసి పెట్టేది.

సినిమాలో ట్యాంకు కనిపించేదాకా అంతా బాగానే ఉండేది. కనిపించిందా... ఇక మా బాపు మొదలు.

"చక్రాలు లెక్కపెట్టు బిడ్డా!"

బాపు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మట్టి తోసే డోజర్ నడిపేవాడు. అంతకుముందు పదిహేనేళ్లు మిలిటరీలో ట్యాంకు నడిపాడు. రెండూ చైను మీద పోయే బండ్లే కదా... మా గోడ మీద రెండు ఫోటోలుండేవి. ఒకదాంట్లో మీసం సరిగ్గా రాని బాపు, ట్యాంకు పక్కన. ఇంకోదాంట్లో నెత్తి నెరిసిన బాపు, డోజర్ పక్కన.

నేను టీవీకి ముక్కు ఆనించి లెక్కపెట్టేదాన్ని. ఐదు.

"మొదటి చక్రానికి, రెండో చక్రానికి నడుమ సందు ఎక్కువున్నదా?"

"ఉన్నది బాపూ."

"మరి గది మన బండే! పాకిస్తానోళ్ల ప్యాటన్‌కు ఆరు చక్రాలుంటయి. చైను పైన మోసేటందుకు చిన్న చక్రాలు ఏరే ఉంటయి. మన దానికే రంగు పూసి దుష్మన్ బండి అంటున్నరు."

అక్కడితో ఆగేవాడా... ఆ తుపాకి అప్పటికి పుట్టనే లేదనేవాడు. ఆ టోపీ పెట్టుకుంటే ట్యాంకు మూతలో తల పట్టదనేవాడు. పక్క క్వార్టర్ ఖాజా కాక గని వర్క్‌షాపులో మెకానిక్, బాపు డోజర్ రిపేరు చేసేది ఆయనే. తల పట్టుకునేవాడు.

"అరె భాయ్, జర సినిమా చూడనియ్యి! పరేషాన్ చేస్తున్నవ్ గదనే!"

అందరూ నవ్వేవాళ్లు. బాపూ నవ్వేవాడు. కానీ ఆ ట్యాంకు పేలిపోయి మంటలు లేచినప్పుడు మాత్రం... గదంతా చప్పట్లు కొడుతుంటే, ఆయన తల వంచుకునేవాడు.

ఎందుకని ఒకసారి అడిగాను.

"గా బండి కిందనే పండుకున్న బిడ్డా, ఏండ్లకేండ్లు. ఎండల నీడ అదే, సలికి ఎచ్చన అదే. దానికి దుష్మన్ ఏషం గట్టి కాలవెడుతున్నరు... మనోళ్లేమో చప్పట్లు కొడుతున్నరు."

నాకేం అర్థమవుతుంది అప్పుడు! సినిమావాళ్ల తప్పు పట్టుకున్నాం కదా అని మురిసిపోవడమే తెలుసు.

పదో తరగతికి వచ్చాను. ఆ ఏడు జెండా పండుగకు బడి దోస్తులను ఇంటికి పిలిచాను. సినిమాలో ట్యాంకు వచ్చింది. బాపు వెనకనుంచి, "ఎన్నున్నయి బిడ్డా?" అన్నాడు. దోస్తులు ఒకరి మొఖం ఒకరు చూసుకుని కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నువ్వు జర ఊకో బాపూ! ఎన్ని చక్రాలైతే ఏంది... ఎవలకు కావాలె?"

కొడితే బాగుండేది. కొట్టలేదు. తిట్టనూ లేదు. "నిజమే బిడ్డా" అని లేచి, బయటికి పోయి సైకిలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మాకు సినిమా ఏ అడ్డూ లేకుండా సాగింది. హాయిగా అనిపించింది కూడా... ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత.

మళ్లీ ఎప్పుడూ నన్ను లెక్కపెట్టమనలేదు. వచ్చే జెండా పండుగకు నేనే ముందు లెక్కపెట్టి చెబుదాం, ఖుషీ అవుతాడు అనుకున్నాను...

ఆ పండుగ ఆయన చూడలేదు. వానాకాలం, మొదటి షిఫ్టు. నానిన మట్టికట్ట జారి బాపు డోజర్ మీద పడింది. ఖాజా కాక పరుగెత్తుకొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆయన చేతులకున్న మట్టి చూసి అమ్మ కూలబడిపోయింది.

ఇల్లంతా మనుషులు. ఎవరో వార్తల కోసం టీవీ పెట్టారు. కింద అక్షరాలు పోతున్నాయి... గనిలో ప్రమాదం, డోజర్ ఆపరేటర్ మృతి. పైన ఒక పసుపుపచ్చ డోజర్ మట్టి తోస్తోంది. ఎక్కడిదో పాత బొమ్మ. దాని చైను మూడు మూలలుగా పైకి లేచి ఉంది. గోడ మీది ఫోటోలో మా బాపు బండి చైను కోలగా, నేలకు పరుచుకుని ఉంటుంది.

"అది మా బాపు బండి కాదు! చైను సూడుండ్రి... అది కాదు!" అని అరిచాను.

బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు, వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు.

"ఏదైతే ఏంది బిడ్డా... ఇప్పుడు ఎవలకు కావాలె?"

నా మాటే. బాపు మొఖం మీద నేను విసిరిన మాటే. పెద్దబాపు ప్రేమతోనే అన్నాడు.

ఖాజా కాక ఒక్కడే టీవీ దగ్గరికి పోయి, వంగి చూశాడు. "కాదు బిడ్డా. గది నీ బాపు బండి కాదు" అని టీవీ బంద్ చేశాడు.

తర్వాత రాష్ట్రం వచ్చింది... క్వార్టర్ ఖాళీ చేశాం. ఖాజా కాకా కాలం చేశాడు. సినిమాలు ఫోనులోకే వచ్చేశాయి, ఎవరి ఇంట్లో వాళ్లం, ఎవరి ఫోను వాళ్లది. మొన్న ఒక యుద్ధం సినిమా చూస్తూ నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. దుష్మన్ ట్యాంకు... ఆరు చక్రాలు. చైను పైన చిన్న చక్రాలు కూడా ఉన్నాయి. కంప్యూటర్లో చేస్తారట ఇప్పుడు. ఒక్క తప్పూ లేదు.

"ఈసారి సరిగ్గ తీసిండ్రు బాపూ" అని చెప్పడానికి ఆ మనిషే లేడు.

మీ ఇంట్లోనూ సినిమా నడుమ తప్పులు పట్టి, మీతో మాటలు పడ్డవాళ్లున్నారా? వాళ్లు ఏం చూడమనేవాళ్లో కింద రాయండి... వాళ్లు ఇంకా ఉంటే మాత్రం రాయడం తర్వాత. ముందు పోయి వాళ్ల పక్కన కూర్చుని లెక్కపెట్టండి.